బ్లూటూత్ ఇచ్చాం, నమ్మకం ఇవ్వలేదు: కాంటాక్ట్ ట్రేసింగ్ యాప్‌తో తార్నాక అనుభవం

13 రోజుల్లో 5 కోట్ల డౌన్‌లోడ్లు. 41 రోజుల్లో 10 కోట్లు. గేమ్ లెక్కో, షార్ట్ వీడియో యాప్ లెక్కో అనుకునేరు. 2020 ఏప్రిల్ 2న నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ రిలీజ్ చేసిన ఆరోగ్య సేతు లెక్క ఇది. అప్పట్లో టీవీ పెడితే ఇదే నంబర్, ట్విట్టర్ తెరిస్తే ఇదే నంబర్. బాక్స్ మీద 108 మెగాపిక్సెల్ అని రాసినంత మాత్రాన ఫొటో బాగా వస్తుందని మనం ఎప్పుడూ ఒప్పుకోం కదా. మరి డౌన్‌లోడ్ల నంబర్‌ని మాత్రం అంత ఈజీగా ఎలా ఒప్పేసుకున్నాం?

కాంటాక్ట్ ట్రేసింగ్‌లో ఒక చిన్న లెక్క ఉంది. వాట్సాప్‌లాగే ఇది కూడా ఒక్కరి దగ్గర ఉంటే పని చేయదు. ఇద్దరు ఎదురుపడినప్పుడు ఇద్దరి ఫోన్లలోనూ యాప్ ఉండాలి. 10 కోట్ల మంది అంటే అప్పటి దేశ జనాభాలో సుమారు 7 శాతం. యాప్ దేశమంతా సమానంగా పరుచుకుందనుకుంటే, ఏ ఇద్దరు కలిసినా ఇద్దరి దగ్గరా యాప్ ఉండే అవకాశం ఆ 7 శాతంలో 7 శాతం. అంటే దాదాపు అర శాతం. 200 సార్లు జనం ఎదురుపడితే అందులో ఒక్కసారి. సిటీల్లో వాడకం ఎక్కువ కాబట్టి హైదరాబాద్‌లో 40 శాతం మంది వేసుకున్నారని ఉదారంగా అనుకుందాం. అప్పుడు కూడా 16 శాతమే. అదీ ఇద్దరి బ్లూటూత్ ఆన్‌లో ఉంటే, ఇద్దరి ఫోన్లూ యాప్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో చంపేయకుండా ఉంటే.

అందుకే ఈ యాప్‌ల విషయంలో అసలు స్పెక్ జనం ఇష్టం. ఎంతమంది, ఎంతకాలం, ఎంత మనస్ఫూర్తిగా వాడతారన్నది. దాన్ని కొలిచే బెంచ్‌మార్క్ యాప్ ఏదీ ప్లే స్టోర్‌లో దొరకదు.

2020లో నేను ఉస్మానియా క్యాంపస్‌లో బీటెక్ ఫైనల్ ఇయర్. ఇప్పుడు ఉద్యోగం హైటెక్ సిటీ వైపు, రూమ్ మాత్రం తార్నాకలోనే. మెట్రో బ్లూ లైన్ ఉన్నంతకాలం ఈ ఏరియా వదిలే ఆలోచన లేదు. ఈ ఆర్టికల్ కోసం కొన్ని వారాలుగా టీ తాగిన చోటల్లా, క్యాంపస్‌లో వాకింగ్‌కి వెళ్లినప్పుడల్లా ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చా: అప్పుడు ఆ యాప్ ఎందుకు వేసుకున్నారు, మళ్లీ అలాంటిది వస్తే వేసుకుంటారా? ఇది సర్వే కాదు, నా చుట్టూ ఉన్నవాళ్ల మాటలు అంతే. కానీ డౌన్‌లోడ్ల నంబర్ చెప్పని విషయాలు ఈ మాటల్లో చాలా దొరికాయి.

యాప్ లోపల ఏం జరిగేది?

ముందు టెక్ సంగతి చూసేద్దాం. రిజిస్టర్ అయ్యేటప్పుడు ఆరోగ్య సేతు మన పేరు, ఫోన్ నంబర్, వయసు, జెండర్, వృత్తి, గత 30 రోజుల్లో తిరిగిన దేశాలు అడిగేది. ఇవి సర్వర్‌కి వెళ్లాక మనకొక ఐడీ వచ్చేది. ఆ తర్వాత దగ్గరికొచ్చిన ప్రతి ఆరోగ్య సేతు ఫోన్‌తో మన ఫోన్ బ్లూటూత్ లో ఎనర్జీ ద్వారా ఆ ఐడీలు మార్చుకునేది. దాంతోపాటు ప్రతి 15 నిమిషాలకు జీపీఎస్ లొకేషన్ కూడా ఫోన్‌లో సేవ్ అయ్యేది. ఎవరికైనా పాజిటివ్ వస్తే ఆ రిజల్ట్ ఐసీఎంఆర్ డేటాబేస్ నుంచి ఫోన్ నంబర్ ద్వారా యాప్ సర్వర్‌తో మ్యాచ్ అయ్యేది. అక్కడి నుంచి వాళ్ల చుట్టూ తిరిగినవాళ్లకు అలర్టులు.

ఇదే టైమ్‌లో యాపిల్, గూగుల్ కలిసి వేరే పద్ధతి తెచ్చాయి. ఏప్రిల్ 10న ప్రకటించి, మే 20న ఏపీఐ రిలీజ్ చేశాయి. అందులో పేరు లేదు, ఫోన్ నంబర్ లేదు, జీపీఎస్ వాడటానికి అసలు ఒప్పుకోరు. బయటికి పంపే ఐడీ 10 నుంచి 20 నిమిషాలకోసారి మారిపోతుంది. ఎవరు ఎవరికి ఎదురుపడ్డారన్న మ్యాచింగ్ ఫోన్‌లోనే జరుగుతుంది. పాజిటివ్ వచ్చిన మనిషి తానే ఓకే నొక్కితేనే కీలు అప్‌లోడ్ అవుతాయి. మన దేశం ఈ దారిలో వెళ్లలేదు. మన ఐడీ మారేది కాదు, ఒకసారి వచ్చిందే ఉండేది. సెక్యూరిటీ వాళ్లు ఎక్కువగా పట్టుకున్నది ఈ పాయింట్‌నే.

గుర్తుందా, ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో గూగుల్ మెనూలోకి వెళ్తే 'కోవిడ్-19 ఎక్స్‌పోజర్ నోటిఫికేషన్స్' అని ఒక ఐటమ్ కనిపించేది. మన ఫోన్‌లో సీక్రెట్‌గా ట్రాకింగ్ యాప్ వేసేశారంటూ దాని స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో ఎంత తిరిగాయో! నిజానికి ఆ ఏపీఐని వాడుకునే ప్రభుత్వ యాప్ ఉంటే తప్ప అది ఏ పనీ చేయదు. ఇండియాలో అలాంటి యాపే లేదు. పేరు కూడా అడగని సిస్టమ్‌ని చూసి భయపడ్డాం, ఫోన్ నంబర్‌తో సహా తీసుకునే సిస్టమ్‌ని 10 కోట్ల మంది ఇన్‌స్టాల్ చేశాం. జనం భయం టెక్నాలజీని చూసి రాదని నాకు మొదట అర్థమైంది అక్కడే.

ఇక బ్లూటూత్ సంగతి. దూరం కొలవడానికి పుట్టిన టెక్నాలజీ కాదది. సిగ్నల్ బలాన్ని బట్టి దూరాన్ని అంచనా వేయాలి. ఫోన్ జీన్స్ వెనక జేబులో ఉంటే మధ్యలో ఉన్న మన శరీరమే సిగ్నల్‌ని మింగేస్తుంది. గోడ అవతల పక్కింటి అంకుల్ ఫోన్ మాత్రం దర్జాగా అందుతుంది. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో డగ్లస్ లీత్, స్టీఫెన్ ఫారెల్ 2020లో ఒక ట్రామ్‌లో యాపిల్-గూగుల్ సిస్టమ్‌ని టెస్ట్ చేశారు. స్విట్జర్లాండ్, జర్మనీ యాప్‌ల రూల్స్ పెడితే ఒక్క అలర్ట్ కూడా రాలేదు. ఇటలీ రూల్స్ పెడితే నిజంగా దగ్గరున్నవాళ్లలో 50 శాతం మందిని పట్టింది, దూరంగా ఉన్నవాళ్లలోనూ 50 శాతం మందిని పట్టింది. అంటే బొమ్మా బొరుసా వేసినట్టే. మెటల్ డబ్బాలో సిగ్నల్ గోడలకు తగిలి ఎటుపడితే అటు పోతుంది. సాయంత్రం ఆరున్నరకు తార్నాకలో దిగే మెట్రో కోచ్‌ని ఒకసారి ఊహించుకోండి.

దీనికి మన ఫోన్ల బ్యాటరీ సేవర్లు తోడు. అప్పుడు మా బ్యాచ్‌లో సగం మంది చేతుల్లో రెడ్‌మీ, రియల్‌మీ ఫోన్లే. స్క్రీన్ ఆఫ్ అయిన కాసేపటికే బ్యాక్‌గ్రౌండ్ యాప్‌ని మూసేసే అలవాటు ఆ స్కిన్లకు ఉంది. ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేసి, రీసెంట్స్‌లో యాప్‌ని లాక్ చేస్తే తప్ప నిలబడేది కాదు. ఇదంతా మనం చేస్తాం. మన అమ్మ చేస్తుందా?

గేటు దగ్గర గ్రీన్ స్క్రీన్

తార్నాకలో మా వీధి చివర కిరాణా కొట్టు అన్నని అడిగా. త్రాసులో పప్పు పోస్తూనే చెప్పాడు: "పెట్టుకున్న తమ్మీ. మార్కెట్‌కు పోతే పోలీసోళ్లు అడుగుతున్నరంటే మా పోరడు ఎక్కించి ఇచ్చిండు. పచ్చగ కనబడితే చాలన్నడు. బ్లూటూత్ మాత్రం బంద్ పెట్టిన, బ్యాటరీ తింటుండె."

ఈ నాలుగు ముక్కల్లోనే మొత్తం కథ ఉంది. ఆయన డౌన్‌లోడ్ 10 కోట్లలో ఒకటి. ఆయన దగ్గరికి వచ్చిపోయే రోజుకు వంద మందిలో ఒక్కరి రికార్డు కూడా ఆ ఫోన్‌లో లేదు.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. 2020 మే 1న కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఆర్డర్‌లో ప్రభుత్వ, ప్రైవేటు ఉద్యోగులందరికీ యాప్ తప్పనిసరి అన్నారు. కంటెయిన్‌మెంట్ జోన్లలో 100 శాతం ఉండాలన్నారు. నోయిడా పోలీసులైతే యాప్ లేకపోతే కేసు పెడతామన్నారు. మే 12 నుంచి నడిచిన స్పెషల్ రైళ్లలో ఎక్కాలంటే యాప్ ఉండాలని రైల్వే చెప్పింది. ఫుడ్ డెలివరీ కంపెనీలు రైడర్లకు తప్పనిసరి చేశాయి. ఇదంతా ఏ చట్టం ప్రకారం అని అప్పుడే అడిగినవాళ్లు ఉన్నారు. డేటా ప్రొటెక్షన్ బిల్లు మొదటి ముసాయిదా తయారుచేసిన కమిటీకి నాయకత్వం వహించిన జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కూడా ఇలా తప్పనిసరి చేయడం చట్టవిరుద్ధమన్నారు. మే 17న వచ్చిన తర్వాతి ఆర్డర్‌లో హోంశాఖ 'తప్పనిసరి' తీసేసి, వీలైనంత వరకు వేయించండి అనే అర్థం వచ్చేలా మార్చింది. కానీ అప్పటికే గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుకు అలవాటైపోయింది. ఒక చేత్తో థర్మామీటర్ గన్, ఇంకో చేత్తో "యాప్ చూపించు".

తప్పనిసరి అనగానే మనవాళ్లు చేసే మొదటి పని దానికి షార్ట్‌కట్ వెతకడం. బెంగళూరులో ఒక ప్రోగ్రామర్ ఉదయం కూర్చుని నాలుగు గంటలు తిరిగేలోపు యాప్‌ని మార్చేశాడని మేలో వార్త వచ్చింది. రిజిస్ట్రేషన్ పేజీని దాటేశాడు, పర్మిషన్లు అడిగే పేజీలను దాటేశాడు, డేటా ఏదీ ఇవ్వకుండా ఎప్పుడూ గ్రీన్ చూపించే వెర్షన్ తయారు. మా క్లాస్ గ్రూప్‌లో దానికంటే సింపుల్ మెథడ్ నడిచింది: గ్రీన్ స్క్రీన్‌ని స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో పెట్టుకోవడం. గార్డుకి రంగు కావాలి, రంగు చూపించేవాళ్లు.

మా హాస్టల్ ఫ్రెండ్ ఒకడు మార్చిలో హాస్టళ్లు మూసేశాక నాగర్‌కర్నూల్ దగ్గర వాళ్ల ఊరికి వెళ్లిపోయాడు. స్టూడెంట్స్‌తో యాప్ వేయించమని యూజీసీ ఏప్రిల్‌లోనే యూనివర్సిటీలకు చెప్పింది కాబట్టి వాడి దగ్గరా ఉంది. ఫోన్ చేస్తే వాడన్నది: "ఇంట్ల నా ఒక్కడి దగ్గరే స్మార్ట్‌ఫోన్ ఉందిరా. నా బ్లూటూత్ ఎవరితోని కలుస్తది, మేకలతోనా?" కీప్యాడ్ ఫోన్లవాళ్ల కోసం మేలో 1921 నంబర్ తెచ్చారు. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి కాల్ వచ్చి లక్షణాలు అడిగేది. జియోఫోన్‌కి కూడా ఒక వెర్షన్ వచ్చింది. మంచి పనే. కానీ మిస్డ్ కాల్‌తో ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో తెలియదు కదా.

పాజిటివ్ వస్తే ఏమవుతుంది?

నేను అడిగినవాళ్లలో ఎక్కువమంది ప్రభుత్వం నిఘా గురించి మాట్లాడతారనుకున్నా. ఇంజినీరింగ్ వాళ్లు మాట్లాడారు. మిగతావాళ్లు మాట్లాడింది పక్కింటివాళ్ల గురించి.

మా బిల్డింగ్‌లో పై పోర్షన్‌లో రైల్వేలో రిటైరైన అంకుల్ ఉంటారు. రోజూ పొద్దున్నే క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ ముందు వాకింగ్ చేస్తారు. ఆయన మాట ఇది: "గవర్నమెంటు దగ్గర నా ఆధార్ ఉంది, పెన్షన్ ఉంది, ఇంకా కొత్తగా దాచేదేముంది బాబూ? నాకున్న భయమల్లా గేటుకి స్టిక్కర్ అంటిస్తారని. పాలవాడు రాడు, పనిమనిషి రాదు. మీ ఆంటీకి బీపీ."

ఆ భయం ఊరికే పుట్టలేదు. ఏప్రిల్, మే నెలల్లో సిటీలో కేసు వచ్చిన వీధి రెండు వైపులా బారికేడ్లు పడటం మనందరం చూశాం. ఇళ్ల ముందు పోస్టర్లు అంటించారు. ఈ పోస్టర్ల పద్ధతి మీద సుప్రీంకోర్టు దాకా వెళ్తే, సంబంధిత అధికారి ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అంటించొద్దని 2020 డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. అప్పటికి మొదటి వేవ్ దాదాపు అయిపోయింది.

ఇంకో సంగతి. 2020 జులైలో నాకు తెలిసిన ఒకతను తార్నాక చుట్టుపక్కల ఒక పీజీలో ఉండేవాడు. ఆ పీజీ పేరు ఇక్కడ అనవసరం. జ్వరం వచ్చింది, వాసన పోయింది. పాజిటివ్ అని తెలిస్తే ఓనర్ అదే రాత్రి సామాను బయటపెడతాడని భయం. టెస్ట్ చేయించుకున్నాడు, కానీ ల్యాబ్‌లో కరీంనగర్‌లో ఉండే వాళ్ల అన్న నంబర్ ఇచ్చాడు. రిజల్ట్ ఫోన్ నంబర్ మీదే యాప్‌తో మ్యాచ్ అవుతుందని చెప్పా కదా. అంటే సిస్టమ్ లెక్కలో పాజిటివ్ అయింది కరీంనగర్‌లో ఇంట్లో కూర్చున్న ఫోన్. ఇక్కడ పీజీలో అతనితో కలిసి తిన్న వాళ్లందరికీ గ్రీన్. అతనొక్కడే ఇలా చేశాడనుకోకండి. తప్పు నంబర్లు, తప్పు అడ్రస్‌లు ఇచ్చిన పేషెంట్లను వెతకడానికి అధికారులు తిప్పలు పడుతున్నారని అప్పట్లో పేపర్లలో చాలాసార్లు వచ్చింది.

ఇక్కడ యాప్ కోడ్‌లో బగ్ ఏమీ లేదు. నాకు అర్థమైనంతవరకు జనం ఇష్టం రెండు రకాలు. అలర్ట్ అందుకోవడానికి దాదాపు అందరూ రెడీ. అలర్ట్‌కి కారణం అవడానికి ఎవరూ రెడీ కాదు. డౌన్‌లోడ్ బటన్ మొదటిదాన్ని కొలుస్తుంది. వైరస్ ఆగాలంటే కావాల్సింది రెండోది. ఆ రెండోది రావాలంటే, పాజిటివ్ అని చెప్పిన మనిషికి రూమ్ పోదు, జీతం పోదు అన్న హామీ ఉండాలి. దాన్ని ఏ ఎస్‌డీకేలోనూ పెట్టలేరు.

యాప్ అసలు పనిచేయలేదని మాత్రం అనను. 2020 మే 26న ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం, యాప్ ద్వారా టెస్ట్ చేయించుకోమని చెప్పినవాళ్లలో దాదాపు 24 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. అప్పుడు మొత్తం టెస్టుల్లో పాజిటివ్ వచ్చేది 5 శాతం లోపే. అంటే అలర్ట్ వచ్చినవాళ్లు నిజంగానే రిస్క్‌లో ఉన్నవాళ్లు. అదే రోజు ఆండ్రాయిడ్ కోడ్‌ని గిట్‌హబ్‌లో పెట్టారు, లోపాలు పట్టుకుంటే లక్ష రూపాయల బహుమతి కూడా ప్రకటించారు. ఇంకో దేశంలో అయితే ఇది పెద్ద ప్లస్ పాయింట్. కానీ ఆ అక్టోబర్‌లోనే, యాప్ ఎవరు తయారుచేశారో తమ దగ్గర సమాచారం లేదని సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు వెళ్లడం, దానిమీద కేంద్ర సమాచార కమిషన్ షోకాజ్ నోటీసు ఇవ్వడం వార్తల్లోకెక్కింది. ఇండస్ట్రీ, ప్రొఫెసర్లు, ప్రభుత్వం కలిసి సుమారు 21 రోజుల్లో చేశామని తర్వాత వివరణ ఇచ్చారు. చెప్పుకోవాల్సిన మాటే. మొదటి రోజే అడక్కుండా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

బయటి దేశాల్లో ఏం జరిగింది?

బ్రిటన్ మొదట మనలాగే సెంట్రల్ సర్వర్ యాప్‌ని ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలో ట్రై చేసి, 2020 జూన్‌లో పక్కన పడేసింది. సెప్టెంబర్ 24న యాపిల్-గూగుల్ పద్ధతిలో కొత్త యాప్ ఇంగ్లండ్, వేల్స్‌లో వచ్చింది. జనాభాలో 28 శాతం మంది రెగ్యులర్‌గా వాడారు. డిసెంబర్ చివరికల్లా అది సుమారు 2.84 లక్షల నుంచి 5.94 లక్షల కేసులను ఆపి ఉంటుందని 2021లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. 28 శాతం అంటే మన లెక్క ప్రకారం కలయికల్లో 8 శాతం లోపే. అయినా పనిచేసింది. 60 శాతం మంది వాడకపోతే దండగ అని అప్పట్లో ప్రచారమైన మాట నిజం కాదని దీంతో తేలింది.

అదే యాప్‌కి 2021 జులైలో ఏమైందో చూడండి. ఒక్క వారంలో 6 లక్షలకు పైగా అలర్టులు వెళ్లాయి. అలర్ట్ వస్తే ఇంట్లో కూర్చోవాలి. షాపులకు, ఫ్యాక్టరీలకు మనుషులు లేరు. పేపర్లు దీనికి 'పింగ్‌డెమిక్' అని పేరు పెట్టాయి. జనం యాప్ తీసేయడం, ట్రేసింగ్ ఆఫ్ చేయడం మొదలుపెట్టారు. ప్రైవసీ విషయంలో వంక పెట్టలేని యాప్‌నే వదిలించుకున్నారు, ఎందుకంటే దాని అలర్ట్‌కి కట్టాల్సిన ధర పెరిగింది.

సింగపూర్ కథ ఇంకోలా దెబ్బతింది. ట్రేస్ టుగెదర్ 2020 మార్చి 20న వచ్చింది, మన యాప్ కంటే ముందు. కాంటాక్ట్ ట్రేసింగ్‌కి తప్ప దేనికీ వాడమని మంత్రులు చెప్పారు. 2021 జనవరిలో పార్లమెంట్‌లో ఒక ప్రశ్నకు జవాబుగా, నేర విచారణ కోసం పోలీసులు ఆ డేటా తీసుకోవచ్చని బయటపడింది. గొడవైంది. ఫిబ్రవరిలో తీవ్రమైన నేరాలకే పరిమితం చేస్తూ చట్టం చేశారు. అంత క్రమశిక్షణ ఉన్న చోటే అంత గొడవైంది.

మన దగ్గర 2020లో డేటా ప్రొటెక్షన్ చట్టమే లేదు. మే 11న వచ్చిన ప్రోటోకాల్ ఒక్కటే ఆధారం. అందులో డేటాని 180 రోజులకు మించి ఉంచకూడదని ఉంది. చట్టం పార్లమెంట్‌లో పాసైంది 2023 ఆగస్టులో.

రెండు మెట్రో స్టేషన్ల దూరంలో ఉన్న జవాబు

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగానికి వస్తా. ఆరోగ్య సేతు చూడలేనిదాన్ని చూసిన ల్యాబులు మన తార్నాకలోనే ఉన్నాయి. తార్నాక చౌరస్తా నుంచి హబ్సిగూడ వైపు వెళ్తే ఐఐసీటీ, దాని దగ్గర్లోనే సీసీఎంబీ. ఇటు క్యాంపస్‌కి ఆనుకుని జాతీయ పోషకాహార సంస్థ, అందరం ఎన్ఐఎన్ అంటాం.

సీసీఎంబీ, ఐఐసీటీ కలిసి సిటీలోని మురుగునీటి శుద్ధి ప్లాంట్ల నుంచి శాంపిళ్లు తీసి, 2020 ఆగస్టులో ఫలితాలు చెప్పాయి. ఇన్‌ఫెక్షన్ సోకినవాళ్ల మలంలో 35 రోజుల వరకు వైరస్ ఆనవాళ్లు ఉంటాయి. నీటిలో అవి ఎన్ని ఉన్నాయో చూసి వెనక్కి లెక్కగడితే, సిటీలో సుమారు 6.6 లక్షల మందికి, అంటే జనాభాలో 6 శాతానికి ఆ సమయంలో ఇన్‌ఫెక్షన్ సోకి ఉంటుందని తేలింది. అప్పటికి రాష్ట్రం మొత్తంమీద అధికారిక కేసులు లక్ష చుట్టుపక్కలే. ఎవరి పేరూ అడగలేదు, ఎవరి ఫోనూ అడగలేదు. ఫ్లష్ చేస్తే చాలు, మీరూ ఆ సర్వేలో ఉన్నట్టే.

తర్వాత సీసీఎంబీ, ఎన్ఐఎన్, భారత్ బయోటెక్ కలిసి సిటీలో 30 వార్డుల్లో దాదాపు 9,000 మంది రక్తం శాంపిళ్లు తీసుకున్నాయి. 2021 మార్చిలో ఫలితాలు చెప్పారు. 54 శాతం మందిలో యాంటీబాడీలు ఉన్నాయి. ఆ ఉన్నవాళ్లలో 75 శాతానికి పైగా మందికి తమకు ఇన్‌ఫెక్షన్ వచ్చి పోయిన సంగతే తెలియదు.

ఈ 75 శాతాన్ని యాప్ లెక్కలో పెట్టి చూడండి. వాళ్లు టెస్ట్‌కి వెళ్లలేదు. టెస్ట్ లేకపోతే ఐసీఎంఆర్ దగ్గర రికార్డు లేదు. రికార్డు లేకపోతే అలర్ట్ లేదు. టెస్టులు తక్కువ చేస్తున్నారని ఆ ఏడాది తెలంగాణ హైకోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని పదేపదే మందలించింది కూడా. ప్రతి ఒక్కరూ బ్లూటూత్ 24 గంటలు ఆన్‌లో పెట్టినా, ట్రిగ్గర్ నొక్కేవాళ్లే లేకపోతే యాప్ ఏం చేస్తుంది?

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం 9,000. ఫోన్‌లో బ్లూటూత్ ఇవ్వడానికి వెనకాడిన ఊరే చెయ్యి చాచి రక్తం ఇచ్చింది. క్యాంపస్ పక్కన సంస్థ, కళ్లముందు నిలబడ్డ మనిషి, ఒకే ఒక్కసారి, ఒకే ఒక్క పనికి. గేటుకి స్టిక్కర్ పడే భయం లేదు. అది పది ఎంఎల్ రక్తమైనా, ఐదెంఎల్ అయినా, ఇచ్చినవాళ్లకు లెక్క స్పష్టంగా ఉంది. యాప్‌లో అడిగింది అంతకంటే చిన్నది, కానీ అది ఎక్కడికి వెళ్తుందో, ఎప్పుడు ఆగుతుందో చెప్పేవాళ్లు కనబడలేదు.

మళ్లీ వస్తే?

క్యాంపస్‌లో ల్యాండ్‌స్కేప్ గార్డెన్ దగ్గర ఎమ్మెస్సీ చదివే చెల్లెళ్లు ముగ్గురిని అడిగా. అప్పుడు వాళ్లు స్కూల్లో ఉన్నారు, నాన్న ఫోన్‌లో ఆన్‌లైన్ క్లాసులు. "పేరు అడగకుంటే వేసుకుంటం అన్నా. లొకేషన్ అడిగితే మాత్రం ఇంట్లోవాళ్లే వద్దంటరు" అంది ఒకమ్మాయి. ఇంకో అమ్మాయి అడిగింది వేరు: "అలర్ట్ వస్తే హాస్టల్‌ల ఎక్కడ ఉంచుతరు అన్నా? ఆ రూమ్‌ల బాత్రూమ్ ఉంటదా?" యాప్ డిజైన్ చేసేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఈ రెండో ప్రశ్న మీ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో ఉందో లేదో చూసుకోండి.

ఇంజినీరింగ్ కాలేజీ జూనియర్లయితే నన్నే ఇంటర్వ్యూ చేశారు. సర్వర్ కోడ్ కూడా ఓపెన్ చేశారా అని ఒకడు. మేలో చేయలేదు, నవంబర్‌లో చేశారు అని చెప్పా. గిట్‌హబ్‌లో ఉన్న కోడే ప్లే స్టోర్‌లో ఉన్న యాప్ అని ఎలా నమ్ముతావన్నా అని ఇంకొకడు. మంచి ప్రశ్న. రీప్రొడ్యూసిబుల్ బిల్డ్ ఇస్తే ఎవరైనా కంపైల్ చేసి చెక్ చేసుకోవచ్చు, జనంలో వందమంది చెక్ చేసినా మిగతావాళ్లకు ధైర్యం. డేటా ఎప్పుడు పోతుందన్నది పాలసీ పేజీలో కాకుండా కోడ్‌లోనే, ఒక తేదీతో ఉండాలని నా అభిప్రాయం. ఆ తేదీ దాటితే యాప్ తనంతట తానే ఆగిపోవాలి.

కిరాణా అన్నని కూడా అడిగా, మళ్లీ వస్తే వేసుకుంటావా అని. కాసేపు ఆలోచించాడు. "మొదటి నెలలో ఎవరన్నా షాపుకొచ్చి, అన్నా నీకు అలర్ట్ వస్తే పదిహేను రోజులు షాపు బంద్, దానికి ఇంత ఇస్తమని చెప్తే వేసుకుంట. ఉత్తగ పచ్చ చూపియ్యమంటే, అది మా పోరడు చూసుకుంటడు."

చివరిగా ఒక పని మాట. ఆరోగ్య సేతులో కాంటాక్ట్ ట్రేసింగ్ ఫీచర్ ఇప్పుడు లేదు. దాన్ని ఆపేశామని, అందుకోసం సేకరించిన డేటాని డిలీట్ చేశామని ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో లోక్‌సభకు చెప్పింది. యాప్ ఆ తర్వాత వ్యాక్సిన్ సర్టిఫికెట్లు, హెల్త్ ఐడీ వైపు మళ్లింది. మీ ఫోన్‌లోనో, మీ నాన్నగారి ఫోన్‌లోనో అది ఇంకా ఉండి, వాడకపోతే ఊరికే అన్‌ఇన్‌స్టాల్ చేయకండి. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌లోంచే పోతుంది, రిజిస్ట్రేషన్ వివరాలు సర్వర్‌లో ఉంటాయి. ముందు యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి అకౌంట్ డిలీట్ చేసే ఆప్షన్ వెతకండి. అప్‌డేట్లతో మెనూ అటూఇటూ మారి ఉండొచ్చు. అది పూర్తయ్యాకే ఐకాన్ మీద వేలు పెట్టి తీసేయండి.